మిరపగింజంత భూమి, మూడొందల మీటర్ల ఆరుద్ర

1868 ఆగస్టు 18. విభవ నామ సంవత్సరం శ్రావణ అమావాస్య, అంటే పోలాల అమావాస్య. మఖ కార్తె నడుస్తోంది. ఆ ఉదయం గుంటూరు మీద సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా మాయమయ్యాడు. ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద దుర్భిణి బిగించుకుని కూర్చున్న పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్తకు నల్లటి చంద్రబింబం అంచు దాటి ఎర్రటి మంట ఒకటి లేచి కనిపించింది. దాని ఎత్తు మూడు కోణీయ నిమిషాలకు మించి ఉందని ఆయన లెక్క. సూర్యుడున్న దూరంలో ఒక కోణీయ నిమిషం అంటే సుమారు 43,500 కిలోమీటర్లు. మూడు నిమిషాలకు 1,30,000 కిలోమీటర్లు. మన భూగోళం అడ్డుకొలత 12,742 కిలోమీటర్లే. కాబట్టి ఆ మంట పక్కన పది భూముల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దాని కొసను అందుకోలేవు.

ఆ గ్రహణం ఏడెన్, మన దేశం, సయాం మీదుగా సాగింది. అంత పొడవు దారిలో జాన్సెన్ గుంటూరునే ఎందుకు ఎంచుకున్నాడంటే, అది మైదానం. తీరంలో ఉంటే సముద్రపు మంచు తెర అడ్డం రావచ్చు, కొండల్లో ఉంటే మబ్బు పట్టవచ్చు. గుంటూరు రెండింటికీ నడుమ ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన మేజర్ టెనెంట్ బృందం కూడా అక్కడే మకాం వేసి గ్రహణానికి ఫొటోలు తీసింది. ఆగస్టు అంటే మనకు వానల నెల. అయినా ఆ ఐదు నిమిషాలూ గుంటూరు ఆకాశం మాట నిలబెట్టుకుంది.

ఆ మంట వెలుగును జాన్సెన్ వర్ణపటదర్శిని గుండా పంపి చూశాడు. ఇంద్రధనుస్సులా అన్ని రంగులూ కలిసి రాకుండా, విడివిడిగా కొన్ని వెలుగు గీతలు మాత్రమే కనిపించాయి. మండే వాయువే అలా కనబడుతుంది. ఆ గీతల్లో ముఖ్యమైనవి హైడ్రోజన్‌వి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేని రోజున కూడా వీటిని చూడొచ్చని ఆయనకు అక్కడికక్కడే తట్టింది. మర్నాడు ఆగస్టు 19న పట్టపగలు చూశాడు కూడా. సెప్టెంబరు మొదటి వారం దాకా గుంటూరులోనే ఉండి రోజూ ఆ మంటల పటాలు గీశాడు. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఫ్రెంచి సైన్స్ అకాడమీకి చేరేసరికి, లండన్‌లో నార్మన్ లాకియర్ అక్టోబరు 20న అదే పద్ధతిలో అదే పని చేసిన వార్త కూడా వచ్చి పడింది. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద అచ్చు వేయించింది.

గుంటూరులో హీలియం కనుక్కున్నారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నా ఉద్దేశంలో ఆ మాటను కాస్త తగ్గించి చెప్పుకోవడం మంచిది. పసుపుపచ్చ గీత ఒకటి ఆ రోజు చాలామందికి కనిపించింది. సోడియం గీత అనుకున్నవాళ్లే ఎక్కువ. జాన్సెన్ ఉత్తరంలో కొత్త మూలకం ఊసు లేదు. ఆ గీత సోడియం చోటులో లేదని తేల్చి హీలియం దాకా నడిపించింది లాకియర్. భూమి మీద ఆ వాయువు 1895లో గానీ రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కలేదు. గుంటూరుకు దక్కాల్సిన గొప్ప వేరే ఉంది. సూర్యుడి ఒంటి మీది మంటను గ్రహణం కోసం ఎదురుచూడకుండా ఏ రోజు కావాలంటే ఆ రోజు కొలిచే దారి మొదట దొరికింది ఇక్కడ.

ఇక ఆ కొలతల్లోకి దిగుదాం. కోట్ల కిలోమీటర్లు చదివితే కంటికి ఆనవు గనుక ఒక్క ఉపమానం మాత్రం వాడతాను, చివరిదాకా అదే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కింద రాలిన మిరపగింజ ఒకటి తీసుకోండి. అడ్డంగా 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే భూమి. గింజ చపటగా ఉంటుంది, భూమి గుండ్రం. ఆ పేచీ పెట్టకండి.

గింజ పక్కన 12 సెంటీమీటర్ల దూరంలో చంద్రుడు, మిల్లీమీటరు కంటే కాస్త పెద్ద రవ్వ. మనుషులు ఇంతవరకూ వెళ్లింది ఆ 12 సెంటీమీటర్లే. సూర్యుడు 44 సెంటీమీటర్ల గోళం, గింజకు 47 మీటర్ల దూరంలో ఉంటాడు. అడ్డుకొలతలో భూమికి 109 రెట్లు. 109ని మూడుసార్లు గుణిస్తే దాదాపు 13 లక్షలు. సూర్యుడి గోళం నింపడానికి కావలసిన భూముల లెక్క అది. వెయ్యి మిరపగింజలు ఐదారు గ్రాములు తూగుతాయి. 13 లక్షల గింజలంటే ఏడు కిలోల సంచి.

గురుగ్రహం నాలుగున్నర సెంటీమీటర్లు, సూర్యుడికి 244 మీటర్ల దూరం. శని 450 మీటర్ల దగ్గర, మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. చివరి గ్రహం నెప్ట్యూన్ ఒకటిన్నర సెంటీమీటర్లు, 1.4 కిలోమీటర్ల అవతల. గ్రహాలన్నీ కలిపినా సూర్యుడి బరువులో వెయ్యింట ఒకటిన్నర వంతుకు రావు. ఆ కొద్దిలోనూ సింహభాగం గురుడిదే. భూమికి అతను 318 రెట్లు బరువు. మిగతా గ్రహాల లెక్క ఇక్కడితో వదిలేస్తున్నాను. వాటికి బడి పుస్తకాల్లో చాలినంత చోటు దొరికింది.

ఈ పటంలో కాంతి నడక చూస్తే నవ్వొస్తుంది. నిజంగా సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, గింజ కొలతలో సెకనుకు 9 సెంటీమీటర్లు పాకుతుంది. సూర్యుడి నుంచి 47 మీటర్లు రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు. 1977లో బయలుదేరిన వోయేజర్-1 ఇప్పటికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు పోయింది. మనిషి చేసిన ఏ వస్తువూ అంతకంటే దూరం పోలేదు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1 పోయింది 47 సెంటీమీటర్లు, సూర్యుడి దాకా ఉన్న దారిలో నూటికి ఒక వంతు. దానిలో బెంగుళూరు ఖగోళ భౌతిక సంస్థ చేసిన పరికరం ఒకటుంది. లోపల చిన్న అడ్డు పెట్టి సూర్యబింబాన్ని కప్పేసి, చుట్టూ ఉన్న వెలుగును రాత్రింబవళ్లు చూస్తూ ఉంటుంది. జాన్సెన్ అడిగింది గ్రహణం లేని రోజున చూడడం. ఇప్పుడది ఏ రోజూ ఆగని గ్రహణం.

47 మీటర్లు అన్నాను సరే, ఆ దూరం ఎవరు కొలిచారు? సూర్యుడి వరకు గొలుసు పట్టుకుని ఎవరూ పోలేరు. శుక్రుడు సూర్యబింబం మీదుగా చుక్కలా దాటేటప్పుడు భూమి మీద దూరదూరపు ఊళ్ల నుంచి గడియారం పెట్టి చూస్తే, ఒక్కో ఊరికి ఆ దారి కొద్దిగా పైకీ కిందకీ జరిగినట్టుంటుంది. ఆ ఊళ్ల మధ్య ఎడం మనకు తెలుసు, దారి జరిగిన కోణం తెలుసు. త్రిభుజం పూర్తవుతుంది. 1874 డిసెంబరు 9న అలా చూసినవాళ్లలో మనవాడు ఒకరున్నారు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు కట్టిన సొంత వేధశాలలో ఆ పని చేశారు. ఇవాళ బస్సు కండక్టర్లు డాబా గార్డెన్స్ అని అరిచే చోట ఉండేది ఆ వేధశాల. నేటి లెక్క ప్రకారం సూర్యుడి దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు.

నెప్ట్యూన్ దాటాక తోకచుక్కల వంటి చిల్లర సరుకే గానీ, మరో సూర్యుడి జాడ ఉండదు. తర్వాతి నక్షత్రం ప్రాక్సిమా, 4.25 కాంతి సంవత్సరాల దూరం. గింజ కొలతలో 12,600 కిలోమీటర్లు. కాస్త అటూఇటూగా గుంటూరు నుంచి బోస్టన్‌కు ఉన్నంత. భూమిని మిరపగింజ చేసినా, పక్క నక్షత్రానికి పోవాలంటే విమానం టికెట్ కొనాల్సిందే.

ఇప్పుడు మన చుక్కల దగ్గరికి వద్దాం. ఈ నేలలో రోహిణి, మృగశిర, ఆరుద్ర, చిత్త, స్వాతి అన్న మాటలు తెలియని రైతు ఉండడు. పత్తి గింజ ఎప్పుడు వేయాలి, మిరప నారు ఎప్పుడు నాటాలి అన్నది కార్తె చెబుతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. సంవత్సరాన్ని 27తో భాగిస్తే వచ్చేది అదే. దీనిలో ఒక మెలిక ఉంది. సూర్యుడు పక్కనే ఉన్నాడు గనుక ఆ చుక్క పగలే ఉదయించి పగలే అస్తమిస్తుంది. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనబడదు. జూన్ నెలాఖరులో వాన కోసం పైకి చూసే కళ్లకు, ఆ వాన ఎవరి పేరు మీద వస్తుందో ఆ చుక్క దొరకదు. ఆరు నెలలు ఆగాలి.

సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో గుంటూరు చుట్టుపక్కల ఏ పొలంలోనైనా మెడ పూర్తిగా వెనక్కి వాల్చండి. సరిగ్గా నడినెత్తిన ఎర్రగా ఉన్న చుక్క రోహిణి. ఇది కాకతాళీయం, అయినా ముచ్చటైనది. గుంటూరు అక్షాంశం 16.3 డిగ్రీలు. రోహిణి ఆకాశ మధ్యరేఖకు 16.5 డిగ్రీల ఉత్తరాన ఉంటుంది. తేడా చంద్రబింబం వెడల్పులో సగం కూడా లేదు. ఒంగోలు నుంచి చూస్తే ఒక డిగ్రీ ఉత్తరానికి జరిగినట్టుంటుంది. ఇంకో గంటంబావుకు ఆరుద్ర కూడా దాదాపు నడినెత్తికి వస్తుంది, రోహిణి కంటే ఎర్రగా. మొదటి కోత కాయ కళ్లాలకు చేరే రోజులవి. కాయల కుప్పల దగ్గర కాపలా పడుకునేవాళ్లకు ఈ రెండూ కొత్త ముఖాలు కావు.

రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇప్పుడు మన కంట పడే వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు నాగార్జునసాగర్ ఇంకా కడుతున్నారు, ప్రకాశం జిల్లా పుట్టలేదు. దాని అడ్డుకొలత సూర్యుడికి 45 రెట్లు. గింజ పటంలో దాదాపు 20 మీటర్ల గోళం. స్వాతి సూర్యుడికి 25 రెట్లు, పటంలో 11 మీటర్లు, దూరం 37 కాంతి సంవత్సరాలు. జాన్సెన్ నాటి కార్తెకు పేరిచ్చిన మఖ చిన్నదే, సూర్యుడికి సుమారు నాలుగింతలు. కానీ సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి పాతిక రోజులు తీసుకుంటే, మఖ పదహారు గంటల్లో తిరుగుతుంది. ఆ విసురుకు నడుము దగ్గర ఉబ్బి ధ్రువాల దగ్గర అణిగిపోయింది.

వీటన్నిటినీ పక్కన పెట్టించేది ఆరుద్ర.

సూర్యుణ్ణి మినహాయిస్తే, మనిషి మొట్టమొదట అడ్డుకొలత కొలిచిన నక్షత్రం ఇదే. తేదీ 1920 డిసెంబరు 13. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ మీద, రెండున్నర మీటర్ల అద్దం ఉన్న దుర్భిణికి ఆరు మీటర్ల ఇనుప దూలం బిగించారు. దాని మీద ఎడంగా రెండు చిన్న అద్దాలు. రెండూ ఒకే చుక్క వెలుగును పట్టి ఒకచోట కలిపితే, వెలుగూ చీకటీ చారలు చారలుగా పడతాయి. అద్దాలను దూరం జరుపుతూ పోతే ఒకచోట చారలు చెరిగిపోతాయి. చుక్క నిజంగా బిందువే అయితే ఎంత జరిపినా అవి చెరగవు. చెరిగాయంటే దానికి వెడల్పు ఉన్నట్టు. ఎక్కడ చెరిగాయన్నదాన్ని బట్టి ఎంత వెడల్పో లెక్క. ఆరుద్రకు అద్దాల ఎడం మూడు మీటర్ల దగ్గర చారలు పోయాయి. వచ్చిన అంకె 0.047 కోణీయ సెకన్లు. పద్ధతి ఆల్బర్ట్ మైకెల్సన్‌ది, ఆ రాత్రి దుర్భిణి దగ్గర ఉన్నది ఫ్రాన్సిస్ పీజ్, జాన్ ఆండర్సన్.

కోణం తెలిసింది. దాన్ని కిలోమీటర్లలోకి మార్చాలంటే దూరం తెలియాలి. ఇక్కడ ఆరుద్ర నేటికీ లొంగడం లేదు. చుక్క దూరాన్ని కొలిచే పద్ధతి పాతదే. భూమి ఆరు నెలల్లో సూర్యుడికి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది గనుక, దగ్గరి చుక్క దూరపు చుక్కల మీద కాస్త కదిలినట్టుంటుంది. ఆ కదలికను బట్టి త్రిభుజం. ఆరుద్ర కదిలినట్టు కనిపించే ఆ మేర కంటే ఆరుద్ర బింబమే వెడల్పు. దానికితోడు ఆ బింబం మీద పెద్ద పెద్ద మచ్చలు ఉడుకుతున్నట్టు పొంగి అణుగుతూ ఉంటాయి. నడిబిందువు ఎక్కడో తేల్చడమే కష్టం. అందుకే పుస్తకానికొక అంకె. 550 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య ఎక్కువమంది ఒప్పుకుంటారు. తక్కువది తీసుకున్నా, ఈ రాత్రి కనిపించే వెలుగు అక్కడ బయలుదేరేనాటికి ఈ నేలకు మిరపకాయ తెలియదు. పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరానికి తెచ్చింది ఆ తర్వాతే.

550 కాంతి సంవత్సరాలు అనుకుంటే ఆరుద్ర అడ్డుకొలత సూర్యుడికి సుమారు 760 రెట్లు. సూర్యుడి చోట దాన్ని పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు దాని కడుపులోకి పోతారు. గురుడు మిగులుతాడు. గింజ పటంలో 330 మీటర్ల వెడల్పు గోళం, పదుల ఎకరాలు కప్పేస్తుంది. లోపల 40 కోట్లకు పైగా సూర్యుళ్లు పడతాయి. భూముల లెక్కలోకి మార్చి, ఒక్కో భూమికి ఒక్కో గింజ చొప్పున తూస్తే 30 లక్షల టన్నుల మిరపగింజలు. దేశం మొత్తం మీద ఒక ఏడాదికి పండే ఎండుమిర్చి, తోలూ తొడిమతో సహా తూచినా, అంత ఉండదు. ఆంధ్రా తెలంగాణా మధ్యప్రదేశ్ కాయంతా తెచ్చినా చాలదు. డిసెంబరులో సూర్యుడు కార్తె కట్టే జ్యేష్ఠ కూడా ఈ జాతిదే, పటంలో దాదాపు 300 మీటర్లు.

ఇక్కడిదాకా చదివి పెద్దదంటే గొప్పదనుకోకూడదు. ఇలాంటి లెక్కలు రాసేవాళ్లు చాలామంది వెడల్పు దగ్గరే ఆగిపోతారు, బరువు జోలికి పోరు. ఆరుద్ర 40 కోట్ల సూర్యుళ్ల చోటు ఆక్రమించింది గానీ, బరువు సూర్యుడికి 16 నుంచి 19 రెట్లే. ఆ కాస్త సరుకును అంత చోటులో పరిస్తే సగటున మనం పీల్చే గాలికంటే దాదాపు 20 వేల రెట్లు పలచన. రోహిణి కథా అంతే. సూర్యుడికంటే కొద్దిగానే బరువెక్కువ, సాంద్రతలో గాలికి అరవయ్యో వంతు. మధ్యలో గట్టి గుండె ఉంటుంది. దాని చుట్టూ ఉన్నదంతా ఉబ్బు. హైడ్రోజన్ ఇంధనం నడిమిలో అయిపోయాక గుండె కుదించుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి పైపొరలు ఉబ్బి చల్లబడి ఎర్రబారతాయి. ఆ ఎరుపు ముసలితనం తెచ్చిందే. మన సూర్యుడికీ ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఆ యోగం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఆరుద్రకు ఆగ్నేయంగా, అదే ఆకాశంలో ఉంది. రాత్రి చుక్కలన్నిటిలో ఎక్కువ మెరిసే సిరియస్. గింజ పటంలో అది 75 సెంటీమీటర్లు. దానికొక జోడీ ఉంది, కంటికి కనబడదు. ఆ జోడీ అడ్డుకొలత భూమి కంటే తక్కువ, పటంలో 3.7 మిల్లీమీటర్లు. బరువు మాత్రం సూర్యుడంత. సూర్యుణ్ణి పిండి పిండి మిరపగింజలో ఇమిడ్చితే ఎలా ఉంటుందో అది అలా ఉంది. ఇంధనం అయిపోయి, పైపొరలు ఊడిపోయి, మిగిలిన గుండె అది.

2019 చివర ఆరుద్ర ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరికి దాని వెలుగు మూడో వంతుకు పడిపోయింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా తలెత్తి చూసింది. చివరికి తేలింది, అది కక్కిన ధూళి మేఘం మనకు అడ్డం వచ్చిందని. అయినా పేలుడు మాత్రం తప్పదు. లక్ష ఏళ్ల లోపు ఎప్పుడైనా కావచ్చని అంచనా. పేలితే కొన్ని వారాలు అర్ధచంద్రుడంత వెలుగుతుంది, పగలు కూడా కనిపిస్తుంది. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనబడే ఏడాది అదొక్కటే. ఆ వెలుగు తగ్గాక మిగిలేది బహుశా ఇరవై, పాతిక కిలోమీటర్ల న్యూట్రాన్ గోళం. ఒంగోలు నుంచి చీమకుర్తి దాటి కొంత దూరం పోతే దాని అడ్డుకొలత అయిపోతుంది, బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. గింజ పటంలో 330 మీటర్లున్నది మిల్లీమీటరులో నూటయాభయ్యో వంతుకు దిగుతుంది.